రెక్కలున్న ప్రతి విగ్రహమూ దేవదూత కాదు

సంపాదకులకు నమస్కారం.

స్మారక విగ్రహాల ఛాయాచిత్రాల కింద, రెక్కలు కనిపిస్తే చాలు, ‘దేవదూత’ అని రాసేయడం పత్రికల్లో అలవాటుగా మారింది. మెక్సికో నగరంలో 1910లో స్వాతంత్ర్య స్తంభంపై నిలిపిన బంగారు పూత విగ్రహాన్ని అక్కడి జనమే ‘ఏంజెల్’ అని పిలుచుకుంటారు కనుక ఆ పొరపాటును మన్నించవచ్చు. కానీ ఒక చేతిలో గెలుపుకు గుర్తైన లారెల్ ఆకుల కిరీటం, మరో చేతిలో తెగిన సంకెల పట్టుకున్న ఆమె విజయదేవత. గ్రీకులకు నైకీ, రోమన్లకు విక్టోరియా.

ఈ గందరగోళానికి మూలం లేకపోలేదు. తొలినాటి క్రైస్తవ చిత్రకారులు దేవదూతలను రెక్కలు లేకుండానే చూపారు. నాలుగో శతాబ్దం చివర వారికి రెక్కలు మొలిచినప్పుడు, వాటి రూపం చాలావరకు నైకీ నుంచే వచ్చిందని కళాచరిత్రకారులు భావిస్తారు. బంధుత్వం నిజమే గానీ చేసే పని వేరు. విజయదేవత గెలుపును చాటుతుంది, దేవదూత కబురు మోసుకొస్తుంది. సమాధిపై నిలిచిన దూత ఏ కబురు తెచ్చిందో రెక్కలను బట్టి తెలియదు, చేతులను చూడాలి.

ఇటలీలోని జెనోవా నగరపు స్టాలియేనో శ్మశానవాటికలో ఓనేతో కుటుంబ సమాధిపై 1882లో జూలియో మోంతెవెర్దె చెక్కిన దూత చేతిలో, క్రైస్తవ విశ్వాసం ప్రకారం మృతులను తిరిగి లేపే అంతిమ తీర్పునాటి బూర ఉంది. అయితే దాన్ని ఊదే ఉద్దేశం ఆ ముఖంలో కనిపించదు, చూపు ఎటో ఉంటుంది. పునరుత్థానం మీద అంత నిశ్శబ్దమైన సందేహాన్ని పాలరాతిలో నేను మరెక్కడా చూడలేదు. రోమ్‌లోని ప్రొటెస్టంట్ శ్మశానంలో శిల్పి విలియం వెట్‌మోర్ స్టోరీ తన భార్య ఎమెలిన్ కోసం 1894లో చెక్కిన దూత వద్ద కబురే లేదు. సమాధి వేదికపై చేయి వాల్చి, ముఖం దాచుకుని, రెక్కలు జారవిడిచి ఏడుస్తోంది. ఓదార్చవలసిన దూతే కూలబడటం ఆ కాలపు స్మారకాలకు పూర్తిగా కొత్త కాకపోవచ్చు, కానీ ఈ భంగిమకు తర్వాత ఎన్నో దేశాల్లో నకళ్లు పుట్టాయి. శిల్పి స్టోరీ మరుసటి ఏడాదే మరణించి, భార్య పక్కనే ఖననమయ్యారు.

ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్ వద్ద 1998లో ఆంటొనీ గోమ్‌లీ నిలిపిన 20 మీటర్ల ఉక్కు దూతకు బూర లేదు, కన్నీరూ లేదు. విమానం రెక్కల్లా 54 మీటర్ల మేర చాచిన రెక్కలే ఉన్నాయి, చేతులే లేవు. పాత బొగ్గుగని ఆవరణలో నిలబెట్టిన విగ్రహం కనుక, గని ప్రస్తావన లేకుండా దాని ఎత్తు, బరువు మాత్రమే ముద్రిస్తే పాఠకుడికి దక్కేది తక్కువ.

ఇకపై ఇటువంటి చిత్రాలు ప్రచురించేటప్పుడు శిల్పి పేరు, సంవత్సరం, ఎవరి స్మృతికి నిలిపారన్న సంగతి, చేతిలో ఏముందన్న వివరం ఒకటి రెండు వరుసల్లోనైనా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు