డబ్బు కట్టిన వారంటీ ‘సిస్టమ్‌లో లేదు’ అంటే ఎవరిని అడగాలి, మంత్రి గారూ?

గౌరవనీయులైన రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

విజయవాడ కారు కొనుగోలుదారులు రాసుకుంటున్న విన్నపం.

అయ్యా,

ఎక్స్‌టెండెడ్ వారంటీ (బండితో వచ్చే వారంటీ ముగిశాక కూడా కొనసాగే అదనపు వారంటీ) పేరుతో డీలర్ డబ్బు తీసుకుని, దాన్ని కంపెనీ దగ్గర నమోదు చేయించకపోతే అది జనాన్ని మోసగించడమా, లేక ‘వ్యక్తిగత వివాదమా’? సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు ఇచ్చాం. రసీదులు దాచుకున్నాం. ప్రతిసారీ అర్జీ మీద ఒకటే ఎండార్స్‌మెంట్ (అధికారుల జవాబు): వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. ఆ వెంటనే అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్. ఏం పరిష్కారమైందండీ?

మోసం ఎక్కడ మొదలవుతుందో చూడండి. కొటేషన్‌లో రోడ్ టాక్స్, ఇన్సూరెన్స్ కింద ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అని ఒక వరుస ఉంటుంది. డబ్బు కట్టాక వచ్చే బిల్లులో అది ‘యాక్సెసరీస్’లో కలిసిపోతుంది. లేదంటే షోరూం లెటర్‌హెడ్ మీద ఒక సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ చెల్లాలంటే బండి ఛాసిస్ నంబరు, మొత్తం 17 అక్షరాలూ అంకెలూ, కంపెనీ సిస్టమ్‌లో ఎక్కాలి. అదీ కంపెనీ పెట్టిన గడువూ కిలోమీటర్లూ దాటకముందే. డీలర్ అసలు ఎక్కించకపోయినా, ఒక్క అంకె తప్పు కొట్టినా, ఎల్లో బోర్డు (ట్యాక్సీ) బండికి సొంత బండి ప్లాన్ అంటగట్టినా, బండితో వచ్చిన మొదటి వారంటీ నడిచినంత కాలం ఆ సంగతి బయటపడదు. అది ముగిశాక ఏ ఏసీ కంప్రెసరో, స్టీరింగ్ ర్యాకో పోతుంది. అప్పుడు సర్వీస్ అడ్వైజర్ నంబరు కొట్టి చూసి, “సిస్టమ్‌లో లేదు సార్” అంటాడు. ఈలోపు డీలర్‌షిప్ చేతులు మారి ఉంటే, పాత యజమాని అమ్మిన కాగితంతో తమకు సంబంధం లేదంటారు.

కమిషన్‌కు వెళ్లే దారి మాకు తెలుసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, అమలయ్యే అవకాశమే లేని వారంటీని చూపించి అమ్మడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కొన్నదానికి చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు లేకుండానే ఆన్‌లైన్లో దాఖలు చేయవచ్చు. డీలర్‌తో పాటు తయారీ కంపెనీనీ ప్రతివాదిగా చేర్చాలి, లేకపోతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటారు. చేర్చినా సరే, డీలర్ మా ఏజెంటు కాదు, మా దగ్గర సరుకు కొనుక్కునే వ్యాపారి మాత్రమే అని కంపెనీ వాదిస్తుంది. కావాలని చేసిన మోసానికి ఆధారాలుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద పోలీసు ఫిర్యాదు కూడా ఉంది. కానీ స్టేషన్లో చెప్పేదీ ‘సివిల్ మ్యాటర్’ అనే మాటే.

ఇన్ని దారులున్నా సామాన్యుడి కేసు మొదటి రోజే దెబ్బతింటోంది. వారంటీ లేదన్న మాట నోటితోనే చెబుతారు, జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్లో బండి పనులు రాసే కాగితం) మీద రాయమంటే రాయరు. బండి ఆగితే ఇల్లు గడవని క్యాబ్ డ్రైవరు ఆటోనగర్ తీసుకెళ్లి, కచ్చా చీటీతో రిపేరు చేయించుకుని, పాత పార్టు అక్కడే వదిలేసి వస్తాడు. రేపు కమిషన్‌లో చూపడానికి తిరస్కరణ లేఖ లేదు, పక్కా బిల్లు లేదు, పోయిన పార్టూ లేదు. బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి యజమాని కూడా వినియోగదారుడేనని చట్టం చెబుతోంది. అయినా ‘వాణిజ్య అవసరం’ అని డీలర్ అభ్యంతరం పెడతాడు. ఇక గడువు. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. అమ్మిన రోజు నుంచి లెక్కించాలని డీలర్, తిరస్కరించిన రోజు నుంచి అని మేము. మోసం మూడేళ్ల తర్వాత బయటపడితే కొన్న రోజు నుంచి లెక్కేమిటండీ? ఆలస్యాన్ని మన్నించమని ఇంకో దరఖాస్తు పెట్టుకోవాలి. వస్తువును ల్యాబ్‌లో పరీక్షించే పని లేని కేసు మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. వారంటీ నమోదైందా లేదా అన్నది తేల్చడానికి ఏ ల్యాబ్ కావాలి?

అందుకే మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాం. ఒకే షోరూం పదిమందికి ఇలాంటి కాగితం అమ్మితే అది ఆ పదిమంది వ్యక్తిగత గొడవ ఎలా అవుతుంది? వినియోగదారుల సమూహ హక్కులకు భంగం కలిగితే విచారించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం సెక్షన్ 16 కింద జిల్లా కలెక్టర్‌కు ఉంది. మా అర్జీలను కలిపి ఒకే ఫిర్యాదుగా తీసుకోమని కలెక్టర్లకు రాయండి. డీలర్ వారంటీకి డబ్బు తీసుకున్న ఛాసిస్ నంబర్ల జాబితా ఒకటి, కంపెనీ దగ్గర నమోదైన జాబితా ఒకటి తెప్పించి పక్కపక్కన పెట్టించండి. ఒక గుమాస్తా ఒక్క పూటలో చేసే పని ఇది. ఈ జాబితాలు మేం అడిగితే ఇవ్వరు, కలెక్టర్ అడిగితే తెచ్చి పెడతారు.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లా వినియోగదారుల రక్షణ మండలి ఏటా కనీసం రెండుసార్లు కూర్చోవాలి. ఈ విషయం ఒక్కసారైనా ఎజెండాలో పెట్టించండి. వారంటీకి విడిగా టాక్స్ ఇన్వాయిస్, దాని మీద కంపెనీ ఇచ్చిన నమోదు నంబరు లేకుండా బండి తాళాలు ఇవ్వకూడదని డీలర్లతో చెప్పించండి. తిరస్కరిస్తే కారణం జాబ్ కార్డు మీద రాసి ఇవ్వమనండి. ఆ రెండు జాబితాలు మాత్రం ముందు తెప్పించండి, దండం పెట్టి అడుగుతున్నాం. ఈ సోమవారం ఇచ్చే అర్జీనైనా ‘వ్యక్తిగత వివాదం’ అని మూసేయనివ్వకండి.

ఇట్లు,
విజయవాడ కారు కొనుగోలుదారులు