మా రాణి మళ్లీ కడుపునిండా మేస్తోంది, అందరికీ కృతజ్ఞతలు

రాజోలు, మలికిపురం వైపు పెళ్లి ఊరేగింపుల్లో మా తెల్లగుర్రం రాణిని చాలామంది చూసే ఉంటారు. మాఘమాసం పెళ్లిళ్ల తర్వాత అది చిక్కిపోయిందని తెలిసి ఎంతోమంది ఫోన్లు చేశారు, వచ్చి చూశారు, మేత పంపారు. అందరికీ విడివిడిగా చెప్పుకునే వీలు లేక ఇక్కడ రాస్తున్నాను. రాణి కోలుకుందండి.

ముందుగా మా పశువైద్యశాల డాక్టరు గారికి దణ్ణం పెట్టుకోవాలి. రాణి దాణా సగంలో వదిలేసేది. తిన్న కాసేపటికి డొక్క వైపు తిరిగి చూసుకునేది, పళ్లు నూరేది. జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కరవబోయేది. కొందరు దిష్టి అన్నారు, కొందరు పురుగుల మందు మళ్లీ వేయమన్నారు. డాక్టరు గారు నొప్పికి ఇంజక్షన్ చేసేసి వెళ్లిపోలేదు. పాక దగ్గరే కూర్చుని, ఏం పెడుతున్నారు, ఏ టైముకి పెడుతున్నారు, ఊరేగింపు రోజు ఎంతసేపు మేత లేకుండా నిలబడుతుంది, కాలు బెణికినప్పుడు ఏ నొప్పిమందు వాడారు అని అన్నీ అడిగారు. అప్పుడు చెప్పారు, కడుపులో పుండ్లు అయ్యుంటాయని. కచ్చితంగా తేల్చాలంటే దాదాపు మూడు మీటర్ల పొడవున్న కెమెరా గొట్టం లోపలికి పంపి చూడాలట. అది మా దగ్గర్లో లేదు. రేసు గుర్రాలకు వైద్యం చేసే తన స్నేహితుడికి వీడియోలు పంపి, ఆయనతో మాట్లాడి మందు మొదలుపెట్టారు.

ఆయన విడమర్చి చెప్పిన తీరు మర్చిపోలేను. గుర్రం కడుపులో తిన్నా తినకపోయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. కడుపు పైభాగానికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి తక్కువ. ఖాళీ కడుపుతో బ్యాండు ముందు గంతులేస్తే ఆమ్లం పైకి చిమ్మి అక్కడ పుండు పడుతుంది. లోపల గడ్డి ఉంటే తెప్పలా తేలి ఆ చిమ్మడాన్ని ఆపుతుంది. మన డెల్టాలో వరిగడ్డికి కొదవ లేదు గానీ, గుర్రానికి అదొక్కటే మేత అయితే పుండ్లు వచ్చే అవకాశం ఎక్కువట. గుర్రాలున్నవాళ్లందరూ ఈ ఒక్క మాటా పట్టించుకోవాలని నా కోరిక.

మందు పేరు ఒమెప్రజోల్, కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గించేది. కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల లెక్కన, రోజుకోసారి, పొద్దున్నే మేత పెట్టకముందు, 28 రోజుల కోర్సు. ఆ తర్వాత డోసు తగ్గించి మరికొన్నాళ్లు. మనుషులు వాడే గొట్టం మాత్రలు (క్యాప్సూల్స్) కొని మీ అంతట మీరు వేయకండి. గుర్రాలకు ఆమ్లంలో పాడవకుండా చేసిన పేస్టు వేరే ఉంది, డాక్టరే రాయాలి. అది ఇక్కడ దొరక్కపోతే బయటి నుంచి తెప్పించి, బస్సులో వేయించిన అమలాపురం మందుల షాపు తమ్ముడికి చాలా థ్యాంక్స్.

"మందు పుండు మాన్పుతుంది బాబూ, మళ్లీ రాకుండా చూసేది మేతే" అన్నారు డాక్టరు గారు. అందుకే ఉలవలూ తవుడూ తగ్గించి, చిన్న చిన్న వాయిలుగా పెడుతున్నాం. నీళ్ల తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నాం. గేదెల కోసం వేసుకున్న లూసర్న్ గడ్డిని మాకూ కోసి పంపుతున్న గోదావరి లంకలోని బాబాయ్ రుణం తీర్చుకోలేం. అందులోని కాల్షియం ఆమ్లాన్ని విరుస్తుందట. డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డాడు! కాలవగట్టు మీద గరిక కోసి రోజూ మోపు తెచ్చిపెట్టిన మా వీధి అక్కలిద్దరికీ కూడా నమస్కారాలు.

వైశాఖంలో రాణిని పిలిచిన పెళ్లివారి సంగతి చెప్పకుండా ఉండలేను. ఊరేగింపు బయల్దేరే ముందు గడ్డి వేసుకోనిచ్చారు. దారిలో రెండుచోట్ల బ్యాండు ఆపించి మళ్లీ వేయనిచ్చారు. పెళ్లికొడుకు తాతగారైతే, "ముహూర్తానికి ఇంకా టైముంది, దాన్ని తిననివ్వండర్రా" అని మావాళ్ల వైపు నిలబడ్డారు. ఆ ఇంటివాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.