అంగన్‌వాడీ టీచర్లకు ఫోన్ అంటే భయం కాదు

సంపాదకులకు,

అంగన్‌వాడీ టీచర్లకు కొత్త టెక్నాలజీ గిట్టదని సమీక్షల్లో తరచూ అంటున్నారు. ఇది అన్యాయమైన మాట. వేలాడదీసే సాల్టర్ తక్కెడ పోయి డిజిటల్ తూకం వచ్చినప్పుడు ఏ టీచరూ అడ్డు చెప్పలేదు. సంచిలో కూర్చోబెడితే బిడ్డ కాళ్లు కొట్టుకునేది, ముల్లు నిలిచేది కాదు. ఇప్పుడు తల్లి తూకం మీద నిలబడ్డాక సున్నా చేసి బిడ్డను చేతికిస్తే బిడ్డ బరువొక్కటే కనిపిస్తుంది. పని తేలికైంది కాబట్టి వెంటనే నేర్చుకున్నారు.

పేచీ ముఖ గుర్తింపు దగ్గరే. 2021 మార్చిలో మొదలైన కేంద్రం యాప్ పోషణ్ ట్రాకర్‌లో, ఇంటికిచ్చే సరుకులకు 2025 జూలై 1 నుంచి ఇది తప్పనిసరి చేశారు. మొదట ఆధార్ నంబరు కొట్టి, దానికి లింకైన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ ఎక్కించి, తల్లిని కెమెరా ముందు కళ్లార్పమనాలి. తర్వాత సరుకు ఇచ్చేటప్పుడల్లా మళ్లీ ముఖం చూపాలి. చాలా ఇళ్లలో ఆ ఫోన్ భర్తది. ఆయన హైదరాబాద్‌లో పనిలో ఉంటాడు, ఓటీపీ చూసి చెప్పేలోపు గడువు దాటిపోతుంది. ఆధార్ ఫొటో పెళ్లికి ముందుది, కాన్పయ్యాక మనిషి మారింది, అద్దె గదిలో వెలుతురు చాలదు, ఇక ముఖం కలవదు. ఆరుబయట నిలబెడితే కొంత నయం. తాడ్వాయి, వాజేడు వంటి ఏజెన్సీ మండలాల్లో అసలు సిగ్నలే దొరకని గూడేలున్నాయి. మిర్చి ఏరే రోజుల్లో తల్లి పొద్దున్నే కూలికి పోతే బిడ్డను తీసుకొచ్చేది నానమ్మ. ఆమె ముఖం యాప్‌లో ఉండదు.

చిన్నపిల్లలకిచ్చే పోషకాహార పొడి, రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ బల్ల మీదే ఉంది, తినాల్సిన బిడ్డ ఎదురుగానే ఉంది. ఇస్తే యాప్‌లో లెక్క తేలదు, సంజాయిషీ అడుగుతారు. ఇవ్వకపోతే ఊళ్లో మాట పడాలి. రెండు విధాలా దెబ్బ టీచర్‌కే. దొంగ పేర్లతో సరుకు పక్కదారి పట్టిన చోట్లు లేకపోలేదు, తనిఖీ ఉండాల్సిందే. కానీ అవే వివరాలు రాష్ట్రం యాప్‌లోనూ కొట్టి, రిజిస్టర్‌లోనూ రాయాలంటే ఆ సమయం పిల్లల చదువులోంచి, కొలతల్లోంచే పోతుంది. తొందరలో రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టకుండా నిలబెట్టి కొలిస్తే సుమారు 0.7 సెంటీమీటరు తక్కువ పడుతుంది. హద్దు మీదున్న బిడ్డ ఎదుగుదల లేని పిల్లల జాబితాలోకి పోతుంది.

రెండుసార్లు ముఖం కలవకపోతే సంతకమో వేలిముద్రో తీసుకొని, కారణం నమోదు చేసి సరుకు ఇచ్చే వీలు టీచర్‌కు ఉండాలి. ఆ పేర్లను సూపర్‌వైజర్ ఇంటికెళ్లి సరిచూడాలి. ఒక యాప్‌లో కొట్టింది రెండోదాంట్లోకి దానంతటదే పోవాలి. ఆధార్‌లో ఫోన్ నంబరు, ఫొటో మార్చే కిట్‌ను నెలకోసారి సెక్టార్‌కు (ఒక సూపర్‌వైజర్ కింద ఉండే కేంద్రాల పరిధికి) పంపితే తల్లులు కూలి పోగొట్టుకొని మండల కేంద్రానికి తిరిగే బాధ తప్పుతుంది. ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో మిర్చి ఏరడం మొదలు కాకముందే ఈ పని చేయాలని అధికారులను కోరుతున్నాను.

— విశ్రాంత అంగన్‌వాడీ సూపర్‌వైజర్, హనుమకొండ