ఏసీ గదిలో పరీక్షించి, ఎండలోకి పంపాను

విశాఖ ద్వారకానగర్‌లోని మా షాపులో కిందటి దసరా నుంచి ఈ ఉగాది దాకా లిక్విడ్ కూలర్‌తో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్న అందరికీ నమస్కారం.

మే నెల మొదలైన దగ్గర్నుంచి మీలో కొందరు ఫోన్ చేసి, ప్రాసెసర్ 95, 100 డిగ్రీలు చూపిస్తోందని చెబుతున్నారు. మొదట్లో చేసిన ఇద్దరు ముగ్గురితో "ఎండాకాలం కదండీ, మామూలే" అన్నాను. మిషన్ విప్పి చూడకుండా అనకూడని మాట అది. క్షమించండి. ఇప్పుడు తొమ్మిది మిషన్లు విప్పి చూశాం. ఏం తేలిందో దాచకుండా రాస్తున్నాను.

మధురవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒకాయన మిషన్‌తో మొదలుపెడతాను. ఇంటెల్ ఐ9 13900కె ప్రాసెసర్, నీళ్ల వేడిని గాలిలోకి వదిలే మూడు ఫ్యాన్ల 360 మి.మీ. రేడియేటర్. వైశాఖం ముహూర్తాలు, చేతినిండా పని. రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని తుది ఫైలుగా మార్చడం) పెట్టిన పావుగంటకి వేడి 100కి చేరి స్పీడు పడిపోతోంది. మా దగ్గర టెస్టు చేసిన రోజు 88 దాటలేదు. అదే మిషన్, అదే కూలర్. తప్పంతా మేం టెస్టు చేసిన తీరులో ఉంది.

మా షాపులో ఏసీ 24 మీద ఉంటుంది. ఆయన గదిలో ఏసీ లేదు, మధ్యాహ్నానికి 35. లిక్విడ్ కూలర్ ఫ్రిజ్ లాంటిది కాదు. ప్రాసెసర్ వేడిని నీళ్లలోకి, నీళ్ల నుంచి రేడియేటర్ రెక్కల్లోకి, అక్కణ్ణుంచి గది గాలిలోకి మోసుకుపోతుంది, అంతే. గది 11 డిగ్రీలు ఎక్కువుంటే ప్రాసెసర్ కూడా ఇంచుమించు అంతా ఎక్కువుంటుంది. 88కి 11 కలిపితే 99. ఆ చిప్‌కి హద్దు 100.

పైగా మా టెస్టు, ప్రాసెసర్‌తో పూర్తి పని చేయించే సినీబెంచ్ అనే సాఫ్ట్‌వేర్ పది నిమిషాలు నడపడమే. నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి, పొయ్యి మీద కాగు పెట్టిన ఏ ఇంట్లోనైనా తెలిసిన సంగతే. కూలర్‌లో నీళ్లు తమ పూర్తి వేడికి చేరడానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. మేం ఆ లోపే ఆపేసి బిల్లు రాసేశాం. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ణి, ఇది నాకు తట్టి ఉండాల్సింది.

దానికి ఇంకోటి తోడైంది. ఆ ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పిన గరిష్ఠ పవర్ 253 వాట్లు. కొన్ని మదర్‌బోర్డులు ఆ పరిమితిని వాటంతట అవే ఎత్తేస్తాయి. మేం బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, చూసుకోలేదు. ఇప్పుడు 253కి కట్టాం, ఆయన గదికి అదీ ఎక్కువే అనిపించి 220కి దించాం. ఏసీ లేకుండా అరగంట నడిపినా 90 లోపే నిలబడింది. రెండరింగ్‌కి కాస్త ఎక్కువ టైమ్ పడుతోంది, కానీ మధ్యలో కుంటుపడటం లేదు.

గాజువాక నుంచి వచ్చిన మిషన్ కథ వేరు. ఒకావిడ తన కొడుకు కంప్యూటర్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. గేమ్ తెరిచిన ఐదారు సెకన్లకే 100. అయినా రేడియేటర్ దగ్గర చెయ్యి పెడితే చల్లటి గాలి, ట్యూబులు రెండూ చల్లగానే ఉన్నాయి. అంటే వేడి అసలు నీళ్లలోకి దిగడమే లేదు. విప్పితే, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ మధ్యలో రూపాయి బిళ్లంత మేరే అంటుకుని ఉంది. కూలర్ డబ్బాలో దాన్ని బిగించడానికి ఒకటికి రెండు సెట్ల స్క్రూలు వస్తాయి. ఎల్‌జీఏ 1700 అనే సాకెట్‌లో (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ప్రాసెసర్ ఎత్తు పాత సాకెట్ల కంటే తక్కువ, దానికి వేరే సెట్ వెయ్యాలి. మేం పాతది వేశాం. సంక్రాంతి ముందు హడావిడిలో ఆ మిషన్‌కి టెస్టు కూడా చెయ్యలేదు. బిగించింది మా కుర్రాడైనా, చూడకుండా పంపింది నేను. ఆటో ఛార్జీ ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. "పరీక్షలు అయ్యాకే ఇలా అయింది బాబూ, నయం" అన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇంకో మిషన్‌లో రేడియేటర్‌ని కేబినెట్ అడుగున పెట్టాం. నీళ్లని తిప్పే పంప్ అన్నిటికంటే పైన ఉంటే లోపలి గాలి అందులోకే చేరుతుంది, గుడగుడమని శబ్దం వస్తుంది. దాన్ని పైకి మార్చాం.

మీ మిషన్ సంగతి మీరే కొంత పట్టుకోవచ్చు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, బరువైన పని పెట్టి, వేడి ఎలా ఎక్కుతోందో చూడండి. క్షణాల్లో 100కి ఎగిరి, ట్యూబులు చల్లగా ఉంటే బిగింపు లోపం. పావుగంటలో మెల్లగా ఎక్కితే గాలి ఆడటం లేదు, లేదా గదే వేడిగా ఉంది. ఒక ట్యూబు కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే పంప్ ఆగినట్టే, వెంటనే ఆపేసి మాకు చెప్పండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉన్నవాళ్లు రేడియేటర్ రెక్కలు తప్పకుండా చూడండి. కిటికీ గ్రిల్లుని తినేసే ఆ ఉప్పు గాలే దుమ్ముని రెక్కలకి అట్టలా పట్టిస్తుంది. మెత్తటి బ్రష్, బ్లోయర్ చాలు, తడిబట్ట వద్దు. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

ఆ ఆరు నెలల్లో ఇచ్చినవాటిలో ఇంకా 13 మిషన్లు చూడాలి. పేస్ట్, స్క్రూలు, పనిచేసిన కూలీ అన్నీ మా ఖర్చే. తీసుకురాలేకపోతే ఇంటికే వస్తాం. టెస్టు ఇకమీదట ఏసీ ఆపేసి, మిట్టమధ్యాహ్నం, నలభై ఐదు నిమిషాలు. మీరు ఎదురుగా కూర్చుని చూడొచ్చు.

కొత్తగా కొనేవాళ్లని ముందు అడగబోయేది గదిలో ఏసీ ఉందా అని. 65 వాట్ల ప్రాసెసర్‌కి మంచి ఎయిర్ కూలర్ సరిపోతుంది, అందులో పంప్ లేదు, పాడవడానికి ఫ్యాన్ ఒక్కటే. లైట్లు బాగున్నాయని మీరు అడిగినప్పుడు ఈ మాట చెప్పకుండా లిక్విడ్ అమ్మాను. అలాంటివాళ్లు మార్చుకోవాలంటే ధరలో తేడా వెనక్కి ఇస్తాను.

ఆటోలో తెచ్చేటప్పుడు కేబినెట్‌ని పక్కనున్న గ్లాసు ప్యానెల్ పైకి వచ్చేలా, కింద దుప్పటి వేసి పడుకోబెట్టండి. నిలబెట్టి తెస్తే గుంతల్లో గ్రాఫిక్స్ కార్డు బరువంతా స్లాట్ మీద పడుతుంది.