బాటన్ రూజ్‌లో ఆగిపోయినవాడికి

ఒరేయ్ రఘూ,

ఎలా ఉన్నావ్? అమెరికాలో, లూసియానాలోని బాటన్ రూజ్ దగ్గర టైరు పేలి, స్టెప్నీలో కూడా గాలి లేక, వానలో రెండు గంటలు నిలబడ్డానని మొన్న నువ్వు తిట్టుకుంటుంటే నేను నవ్వాను. నీకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశావ్. ఎందుకు నవ్వానో చెబుదామనే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపుతావు, నీ సంగతి నాకు తెలీదా!

హాస్టల్లో సీనియర్ వదిలేసి వెళ్ళిన క్యాసెట్ గుర్తుందా? లేబుల్ ఊడిపోయింది, పెన్సిల్ దూర్చి తిప్పితే గానీ టేపు కదిలేది కాదు. అందులో ఒకావిడ మెల్లగా మొదలుపెట్టి, చివర్లో "లా ల లా" అంటూ గొంతు చించుకునేది. "ఈవిడకి మాటలు అయిపోయాయిరా, అయినా ఆపదు" అనేవాడివి. ఆ పాట మొదలయ్యేదే బాటన్ రూజ్‌లో. చేతిలో చిల్లిగవ్వ లేని ఇద్దరు రైలు కోసం చూస్తుంటారు. వాన మొదలయ్యే ముందు వాళ్ళల్లో ఒకరు, బాబీ, ఒక లారీని ఆపుతుంది. అక్కణ్ణుంచి న్యూ ఓర్లీన్స్ దాకా పాటలే. మాసిన ఎర్ర చేతిరుమాల్లోంచి మౌత్ ఆర్గాన్ బయటికొస్తుంది, వైపర్లు తాళం వేస్తుంటాయి. నువ్వు అదే ఊళ్ళో, అదే వానలో! ఇప్పుడు చెప్పు, నవ్వు రాదా?

క్యాసెట్‌లో పాడింది అమెరికన్ రాక్ గాయని జానిస్ జాప్లిన్. పాట మాత్రం ఆవిడది కాదు. "మీ అండ్ బాబీ మెక్‌గీ" రాసింది క్రిస్ క్రిస్టాఫర్సన్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, సైన్యంలో కెప్టెన్, హెలికాప్టర్ పైలట్. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే ఉద్యోగం చేతికొస్తే కాదనుకుని, 1965లో పాటలు రాస్తానంటూ నాష్‌విల్ వెళ్ళాడు. అక్కడ కొలంబియా స్టూడియోలో నేల ఊడ్చి యాష్‌ట్రేలు ఖాళీ చేసే పని దొరికింది. మా నాన్న అయితే ఏమనేవాడో నీకు వేరే చెప్పక్కర్లేదు. తర్వాత లూసియానా తీరంలో సముద్రం మధ్య చమురు బావులకు హెలికాప్టర్ నడిపాడు. పాటలో ఆ ఊళ్ళు, ఆ వాన అలా వచ్చాయి.

పేరు మాత్రం అరువు. మాన్యుమెంట్ రికార్డ్స్ యజమాని ఫ్రెడ్ ఫాస్టర్ ఫోన్ చేసి, తమ బిల్డింగులో పనిచేసే ఒక సెక్రటరీ పేరు మీద పాట రాయమన్నాడు. బాబీ మెక్‌కీ అంటే ఇతనికి మెక్‌గీ అని వినబడింది. బాబీ అంటే మగవాడనుకుంటారు, కాదు, ఆడమనిషి. అదీ ఫాస్టర్ ఇచ్చిన మెలిక. కథకి దారి ఫెల్లినీ సినిమా "లా స్ట్రాడా" నుంచి దొరికిందట. అందులో ఒకడు తనతో తిరిగే అమ్మాయిని దారిలో వదిలేసి పోతాడు, ఏళ్ళ తర్వాత ఆమె చనిపోయిందని తెలిసి సముద్రపు ఒడ్డున కూలబడి ఏడుస్తాడు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలకపోవడానికే ఇంకో పేరు స్వేచ్ఛ అని పాటలో ఒక మాటుంది చూడు, హాస్టల్లో అది గోడమీద రాసుకున్నాం, ఏదో విప్లవమన్నట్టు. అది ఏడుస్తున్నవాడి మాట అని అప్పుడు ఎవరికి తెలుసు?

మొదట రికార్డు చేసి విడుదల చేసింది రోజర్ మిల్లర్, 1969లో. శుభ్రంగా, హుషారుగా ఉంటుంది. ఒకసారి వింటే చాలు. జెర్రీ లీ లూయిస్ పియానో మీద పరుగులు పెట్టించాడు, పాట చివర్లో బాబీ దూరమైపోయిన సంగతి ఆయనకి పట్టినట్టే లేదు. కెనడా వాడు గోర్డన్ లైట్‌ఫుట్‌ది నాకు ఇష్టం, తెల్లారుజామున వినాలి. క్రిస్ సొంతంగా 1970లో పాడినదాంట్లో సంగీతపరంగా చెప్పుకోడానికి ఏమీ లేదు, గరగర గొంతు. కానీ పక్క సీట్లో కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది.

మొన్న ఆదివారం కరెంటు పోతే దీన్ని తెలుగులో పెడదామని కూర్చున్నాను. నవ్వకు. బాబీ అంటే మన బుజ్జి లాంటి పేరు, ఎవరికైనా పెట్టొచ్చు. బుజ్జి అనే రాశాను. మొదటి చరణంలోనే ఇరుక్కున్నాను. లారీని బుజ్జి ఆపాడా, ఆపిందా? ఇంగ్లీషులో ఆ క్రియకి ఆడామగా లేదు, మనకి తప్పదు. తీరా కాలిఫోర్నియాలోని సాలినాస్ దగ్గర ఇద్దరూ విడిపోయే చోటికొస్తే ఇంగ్లీషువాడు "హర్" అనో "హిమ్" అనో తేల్చాల్సిందే. మనకి "సాలినాస్ దగ్గర చేజారనిచ్చాను" అంటే సరిపోతుంది. ఎవరినని ఎవరూ అడగరు. కరెంటు వచ్చేసరికి నాలుగు లైన్లు అయ్యాయి, అవీ కొట్టేశాను.

జానిస్ చేసింది ఆ "హర్"ని "హిమ్" చెయ్యడమే. దాంతో బాబీ మగవాడైపోయాడు. ఆవిడకి ఈ పాట నేర్పింది మిత్రుడు బాబ్ న్యూవర్త్. 1970 శరదృతువులో "పర్ల్" ఆల్బమ్ కోసం పాడింది. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. మొదట ఒక్క గిటారు, పక్కింటివాళ్ళకి వినబడకూడదన్నట్టు గొంతు. మధ్యలో శ్రుతి పైకి లేస్తుంది. ఒక్క గతించిన రోజు కోసం రాబోయే రోజులన్నీ ఇచ్చేస్తానన్నాక, నువ్వు వెక్కిరించిన ఆ "లా ల లా" మొదలవుతుంది. ఇంక చెప్పడానికి ఏమీ లేదు కదరా ఆవిడకి. నువ్వు అప్పుడే కరెక్టుగా చెప్పావు, వెటకారంగా చెప్పావు అంతే.

అక్టోబరు 4న ఆవిడ పోయింది. 27 ఏళ్ళు. తన పాట ఆవిడ పాడిందని క్రిస్‌కి అప్పటిదాకా తెలీదు. నిర్మాత పాల్ రాత్‌చైల్డ్ తర్వాత పిలిచి వినిపించాడు. క్రిస్ పూర్తిగా వినలేకపోయాడంటే నమ్ముతాను. 1971 మార్చిలో అది అమెరికాలో నంబర్ వన్ అయింది. 2024 సెప్టెంబరులో క్రిస్ కూడా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను రోజర్ మిల్లర్‌ది పెట్టుకున్నాను, జానిస్‌ది వినే ధైర్యం లేక.

నువ్వు హ్యూస్టన్ నుంచి మళ్ళీ అటు వెళితే బోమాంట్ దగ్గర దక్షిణానికి తిరుగు. పోర్ట్ ఆర్థర్ వస్తుంది, జానిస్ పుట్టిన ఊరు. అక్కడ గల్ఫ్ కోస్ట్ మ్యూజియంలో ఆవిడ రంగురంగుల పోర్షా కారుకి నకలు ఒకటి ఉంది. ఫోటో తీసి పంపు. వదినని అడిగానని చెప్పు, పిల్లల్ని అడిగానని చెప్పు.

బయల్దేరే ముందు స్టెప్నీలో గాలి చూసుకో.

నీ
శీను