ఈ జాతరకు మా అంగడి లెక్క కొంచెం మారుతోంది

అందరికీ నమస్కారం. తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో ఉండే వేషాల అంగడి నాదే. కిరీటాలు, భుజకీర్తులు, విగ్గులు, గిల్టు నగలు, గదలు, విల్లంబులు, పిల్లల డాన్సు డ్రెస్సులు అద్దెకిస్తాం. మీలో పాతవాళ్ళకు నాకంటే మా నాయన బాగా తెలుసు. కొత్తవాళ్ళకు కౌంటర్లో కూర్చునే మా ఆవిడ తెలుసు. నేను లోపల విగ్గులు దువ్వుకుంటూ ఉంటాను.

అద్దెలు పెరుగుతున్నాయి, కొన్ని పద్ధతులు మారుతున్నాయి. బోర్డు మీద రాసి ఊరుకోవచ్చు. కానీ ఎందుకు మారుతున్నాయో చెప్పాలంటే పోయిన జాతరలో నేను చేసిన వెధవపని ఒకటి చెప్పాలి.

తాతయ్యగుంట గంగమ్మ జాతర, మగవాళ్ళు చీర కట్టి అమ్మవారిలా తయారయ్యే మాతంగి వేషం రోజు. కొర్లగుంట నుంచి ఒక పెద్దాయన పొద్దున్నే మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లవాడికి జబ్బు చేసినప్పుడు మూడేళ్ళు వేషం కట్టిస్తానని అమ్మవారికి మొక్కుకున్నాడు. అది రెండో ఏడు. నెల ముందే వచ్చి విగ్గు, వడ్డాణం, వంకీలు, కాసుల దండ చెప్పిపెట్టి, వంద రూపాయలు అడ్వాన్సు ఇచ్చి పోయాడు. పుస్తకంలో రాసుకుంది కూడా నేనే.

ఆ సెట్టు అంగట్లో లేదు. ముందురోజు సాయంత్రం బెంగళూరు నుంచి నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. రీల్ తీసుకుని రాత్రి పదికల్లా తెచ్చిస్తామన్నారు, అద్దె రెండింతలు ఇస్తామన్నారు. ఒక్క పూటే కదా అని ఇచ్చేశాను. పది దాటింది, పదకొండు దాటింది, ఫోను ఎత్తలేదు. తెచ్చింది మర్నాడు మధ్యాహ్నం. విగ్గు నిండా ఏదో మెరుపు పొడి, వడ్డాణానికి కొక్కెం లేదు.

పెద్దాయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "సరేలే సామీ, అమ్మోరికి విగ్గు లేకపోయినా మేం కనిపిస్తాం గదా" అన్నాడు. ఎదురుగా పూలంగట్లో నాలుగు మూరల కనకాంబరాలు కొన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి పిల్లవాడి తలకు ముడిలాగా చుట్టి, దాని చుట్టూ పూలు తిప్పి, పిన్నీసు కోసం నా వైపు చెయ్యి చాపాడు. పిన్నీసు ఇచ్చాను. ఆ రోజు నేను వాళ్ళకు ఇవ్వగలిగింది అదొక్కటే. అడ్వాన్సు వెనక్కి ఇస్తే తీసుకోలేదు, "వచ్చే ఏడుకు ఉంచు" అన్నాడు.

అందుకే ఈ ఏడు మొదటి మార్పు: జాతర మొదలని చాటింపు వేసిన రోజు నుంచి అది ముగిసేదాకా మా అంగట్లో సామాను మొక్కు ఉన్నవాళ్ళకే. మిగిలితే మిగతావాళ్ళకు. అద్దె రెండింతలిచ్చినా, మూడింతలిచ్చినా ఇదే మాట. మొక్కు ఉందని రుజువేమీ అడగను, మీ మాట చాలు. అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడేవాళ్ళు ఉంటే అది వాళ్ళూ ఆమే చూసుకుంటారు.

రీల్స్ తీసేవాళ్ళ మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే పోయినేడు నా బాకీ తీరింది వాళ్ళ వల్లే. 2024 డిసెంబరులో పుష్ప రెండో భాగం వచ్చి, అందులో గంగమ్మ జాతర సీనులో అల్లు అర్జున్ ఒంటికి నీలం రంగు పూసుకుని, చీర కట్టి నిమ్మకాయల దండ వేసుకున్నప్పటి నుంచి అంగడికి తీరిక లేదు. అంతకుముందు మా జాతర గురించి పైఊరివాళ్ళకు చెప్పాలంటే అరగంట పట్టేది. మగవాళ్ళు చీరలెందుకు కడతారు, ఎవరీ పాలెగాడు, అని. ఇప్పుడు వాళ్ళే నాకు చెబుతున్నారు! ఒకాయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "అన్నా, మీ జాతరలో నీలం రంగు పూసుకునేది ఏ రోజు?" అని అడిగాడు. వరసగా వచ్చే వేషాల్లో నాకు తెలిసి నీలం లేదు. బైరాగికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు గంధం. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషంలో తిరిగిందనీ, దాక్కున్నవాడు దొర వేషం చూసి మోసపోయి బయటికి వచ్చాడనీ మా పక్క చెప్పుకుంటారు. ఇంకో సంగతి. ఈ వేషాల్లో సగానికి మా అంగడితో పనే లేదు. బొగ్గుకూ వేపమండకూ అద్దె ఏముంటుంది? మాతంగి వేషం దగ్గరికి వచ్చేసరికే నా దగ్గరికి వస్తారు.

నీలం రంగు డబ్బాలు మాత్రం తెప్పించి పెట్టాను. అడిగితే లేదనడం వ్యాపారం కాదు.

ఈ మధ్య ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు తరచు అడిగే మాట ఒకటుంది. "మీ ఊళ్ళో గుడి తప్ప టైంపాస్ ఏముందండీ?" నాకు నవ్వొస్తుంది. అంగడికి దారి అడిగితే లీలామహల్ దగ్గర దిగండి, గ్రూప్ థియేటర్స్ దగ్గర దిగండి అని సినిమా హాళ్ళ పేర్లతో దారి చెప్పే ఊరు ఇది. సాయంత్రమైతే మహతి ఆడిటోరియంలోనో, అన్నమాచార్య కళామందిరంలోనో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, చాలావాటికి టికెట్టు కూడా ఉండదు. 1959 నుంచి సంగీత నాట్య కళాశాల ఉంది. అక్కడి పిల్లలు నా దగ్గరికి జడకుచ్చుల కోసం వస్తారు, అరంగేట్రం ముందురోజు వాళ్ళ టెన్షన్ చూడాలి. ఏర్పేడు పక్క ఐఐటీ పిల్లలూ వస్తున్నారు. పంచెలు ఇస్త్రీ చేసి మరీ తిరిగిచ్చినవాళ్ళు నా అనుభవంలో వాళ్ళే.

అయితే ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. ఊరు యాత్రికుల టైముకు నడుస్తుంది, మన టైముకు కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు మా సందులో స్కూటర్ తిప్పలేం. శ్రీనివాససేతు ఫ్లైఓవర్ 2023లో పూర్తయ్యాక పైన వెళ్ళేవాళ్ళకు హాయిగానే ఉంది. కిందుండే మా అంగళ్ళకు వచ్చేవాళ్ళ బండ్లకు మాత్రం ఇప్పటికీ చోటు లేదు. పార్కింగ్ గురించి నన్ను తిట్టకండి, నా బండే రోజూ పక్క వీధిలో పెడుతున్నా.

మా నాయన అంగడి మొదలుపెట్టింది జాతర కోసం కాదు, భారతాల కోసం. చిత్తూరు పక్క పల్లెల్లో ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళ దగ్గర 18 రోజుల భారతం. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. ఆయన రేకు పెట్టెల్లో సామాను సర్ది ఎర్రబస్సు మీద వేసుకుని వెళ్ళేవాడు. చిన్నప్పుడు నేనూ పెట్టె మీద కూర్చుని వెళ్ళాను. అర్జునుడు తపస్సుమాను ఎక్కే రోజు నాకు బాగా గుర్తు. అంత ఎత్తు మాను, మెట్టు మెట్టుకూ ఒక పద్యం. కింద బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిచీరలతో పడుకుని ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయ, విభూతి పొట్లం ఒడిలో పడితే చాలు. నేను మాత్రం జట ఊడి కింద పడుతుందేమోనని చూస్తూ ఉండేవాణ్ణి. అది మా అంగడిది మరి.

భారతాలు ఇప్పటికీ జరుగుతున్నాయి, జనం ఇప్పటికీ వస్తున్నారు. తగ్గింది రాత్రంతా కూర్చునేవాళ్ళే. ఒక మేళం పెద్ద నాతో అన్నాడు: "పన్నెండుకు జనం లేచి పోతారప్పా, మేం ద్రౌపది వస్త్రాపహరణం పదకొండున్నరకే చేసేస్తాండాం." దుర్యోధన వధ రోజు మాత్రం ఎవరూ లేవరు. మట్టితో చేసి పడుకోబెట్టిన అంత పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలతో తిరుగుతుంటే జనం ఫోన్లు జేబులో పెట్టుకోరు గానీ, చెవులు మాత్రం పద్యం మీదే ఉంటాయి.

చిక్కేమిటంటే భారతాలూ జాతరా ఒకే కాలంలో వస్తాయి. చాటింపు పడ్డాక ఊరి పొలిమేర దాటకూడదన్నది ఆచారం, మా అమ్మ ఈ విషయంలో రాజీ పడదు. కాబట్టి భారతం మేళాలవాళ్ళు దయచేసి చాటింపుకు ముందే వచ్చి పెట్టెలు తీసుకుపోండి. "మధ్యలో మీరే తెచ్చివ్వండి" అంటే రాలేను. మేళాలకు అద్దె పెంచడం లేదు. ఒక రాత్రికి వాళ్ళకు ఏపాటి మిగులుతుందో నాకు తెలుసు.

మిగతావాళ్ళకు పెంచుతున్నాను. మాతంగి సెట్టు ఆరు వందలు ఉండేది, ఎనిమిది వందలు. వెయ్యి రూపాయలు డిపాజిట్, సామాను రాగానే వెనక్కి. విగ్గు ఉతికి, కుంకుమ పోయేదాకా కుంకుడు రసంలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, చిక్కు తీయడానికి నాకు ఒక పూట పడుతుంది. వచ్చిన విగ్గు ఆరకముందే మళ్ళీ ఇవ్వమంటే ఇంక ఇవ్వను. తడి విగ్గు వేసుకున్నవాడికి తలనొప్పి వస్తే తిట్టేది నన్నే.

బడి యానివర్సరీలకు కృష్ణుడి సెట్టు, టీచర్ సెట్టు అడిగే అమ్మానాన్నలకు ఒక మాట. ఆన్‌లైన్లో మూడు, నాలుగు వందలకు కొత్తదే వస్తోంది. ఎల్‌కేజీ పిల్లలకు అదే కొనుక్కోండి, నిజంగానే చెబుతున్నా. గుడ్డ గరుకుగా ఉంటుంది, ఒక బనీను లోపల వేయండి. ఆ సైజులు నేను ఈ ఏడు నుంచి పెట్టడం లేదు. పద్యం పాడి, రెండు గంటలు స్టేజి మీద నిలబడే వేషమైతే మాత్రం నా దగ్గరికి రండి. ఆన్‌లైన్‌లో వచ్చే అట్టకిరీటం మొదటి పద్యానికే చెవుల మీదికి జారుతుంది.

ఇంకొకటి. కొండ మీద, గుళ్ళ ముందు రీల్స్ వద్దని టీటీడీ చెబుతూనే ఉంది. ఆ పని కోసం దేవుడి వేషాలు అడగవద్దు. పెళ్ళికి ముందు ఫొటోలు, కాలేజీ ఫంక్షన్లు, ఆఫీసు ఎత్నిక్ డే, వీటికి ఎప్పటిలాగే ఇస్తాం.

కొత్త పుస్తకం మొన్న తెరిచాను. మొదటి పేజీలో మొదటి పేరు కొర్లగుంట పెద్దాయనది. నేనే ఫోన్ చేసి రాసుకున్నాను. "సైజు చూసుకో సామీ, పిల్లోడు జానెడు పెరిగినాడు" అన్నాడు. వడ్డాణానికి కొక్కెం కొత్తది వేయించాను, ఆ సెట్టు బీరువాలో పెట్టి తాళం చెవి మా ఆవిడకు ఇచ్చేశాను. నా మీద నాకే నమ్మకం లేదు.

చివరగా ఒక వినతి. మా నాయన కాలం నాటి భీముడి భుజకీర్తులు, చెక్కవి, అద్దం బిళ్ళలు పొదిగినవి, జతలో కుడిపక్కది కనిపించడం లేదు. పోయిన యానివర్సరీల సీజన్‌లో ఏదో బడికి వెళ్ళిన పెట్టెలో ఉండిపోయిందని అనుమానం. ఎవరి అటక మీదైనా, ఏ స్టాఫ్ రూములోనైనా కనిపిస్తే అంగడి మెట్ల మీద పెట్టి పోండి. ఎవరని అడగను. భారతానికి ముందు దొరికితే మేలు. ఎడమది ఒక్కటే పెట్టుకుని భీముడు కీచకుడి మీదికి పోలేడు.