పతకం తోమకండి, డిశ్చార్జి బుక్కు లామినేషన్ చేయించకండి

సంపాదకులకు,

మాజీ సైనికుల మ్యూజియం ఒకటి ఓరుగల్లులో గట్టిగా నిలబడాలని కోరేవాళ్లు స్థలం సంగతి, భవనం సంగతి, గేటు దగ్గర పెట్టాల్సిన ట్యాంకు సంగతి మాట్లాడతారు. అందులో పెట్టాల్సిన సరుకు మాత్రం ఇంకా ఊళ్లలోనే, బీరువాల్లో, అటకల మీద, నల్ల ట్రంకు పెట్టెల్లో ఉంది. దాన్ని చెదలు కొంత తింటున్నాయి, ఇంటివాళ్ల శ్రద్ధ ఇంకొంత పాడుచేస్తోంది.

ముందు పతకాలు. పండక్కి ఇత్తడి సామానుతో పాటు తాత పతకాన్నీ చింతపండు పెట్టి తోమేస్తారు. గుండ్రటి పతకం అంచు చుట్టూ సన్నటి అక్షరాల్లో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లనైతే (నక్షత్రం ఆకారపు పతకాలు) బ్రిటిష్ సైనికులకు పేర్లు లేకుండా ఇచ్చారు. మనవాళ్ల స్టార్లకు వెనకవైపు పేరు కొట్టి ఇచ్చారు. ఏటా తోముతూ పోతే ఆ నంబరులో 3, 8 ఒకటైపోతాయి, మనిషిని గుర్తుపట్టే ఆధారం అక్కడితో పోతుంది. బ్రాస్సో పాలిష్ రుద్దితే అక్షరాల సందుల్లో తెల్లటి మడ్డి మిగులుతుంది. చింతపండుకు ఉప్పు కలిపితే మరీ చేటు. ఉప్పులోని క్లోరైడు కంచులోకి దిగి, వానాకాలపు తేమకు లేతాకుపచ్చ పొడిగా పొక్కుతుంది, తుడిచినా మళ్లీ వస్తుంది. వెండి మీది నలుపు అలాంటిది కాదు, ఉండనివ్వండి. పొడి నూలు గుడ్డతో తుడిస్తే చాలు.

ఫ్రేము కట్టించడం మరో తంటా. పతకాల వెనక వేసే ఉన్ని ఫెల్టు నుంచి వచ్చే గంధకపు ఆవిర్లే వెండిని నల్లబరుస్తాయి. అందుకే ఉన్ని కోటూ వెండి పతకమూ ఒకే అరలో ఉండకూడదు. రిబ్బను మీద ఉండే చిన్న పట్టీని అసలు కదిలించొద్దు. ‘గోవా 1961’, ‘లద్దాఖ్ 1962’ లాంటి మాటలు ఉండేది దాని మీదే. రిబ్బను వెలిసిపోయిందని కొత్తది కుట్టిస్తే పాతదాన్ని కవర్లో పెట్టి పతకంతోనే ఉంచండి.

కాగితాలకు పెద్ద శత్రువు జిరాక్స్ షాపులోని లామినేషన్ మిషను. వేడికి కరిగిన జిగురు కాగితం పోగుల్లోకి దిగుతుంది, ఇక ఊడదు. కాగితంలోని ఆమ్లం లోపలే చిక్కుకుని పసుపు, గోధుమ రంగులోకి తిప్పుతుంది. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కును పాలియెస్టర్ కవర్లో పెడితే సరిపోతుంది. మెత్తటి పీవీసీ కవరు వద్దు, సిరా దానికి అంటుకుంటుంది. ఫొటో వెనక పేర్లు రాయాలంటే 2బి పెన్సిల్‌తో, అంచున, మెల్లగా రాయండి. బాల్ పెన్ను గీత ముందువైపు ఉబ్బెత్తుగా కనబడుతుంది.

ఉత్తరాలు దాచుకుని కవర్లు పారేస్తుంటారు. సైనికుడి చిరునామాలో ఊరు ఉండదు, ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘99 ఏపీఓ’ (ఆర్మీ పోస్టాఫీసు) అనో ఉంటుంది. కవరు మీది ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో నంబరు, తేదీ చూస్తే ఆ యూనిట్ అప్పుడెక్కడుందో వెతకడానికి దారి దొరుకుతుంది. మనియార్డరు కూపన్లూ అంతే. ఉత్తరంలో ‘ఇక్కడ అందరం క్షేమం’ అని తప్ప ఏమీ లేకపోవచ్చు, కవరే చాలా చెబుతుంది.

ఉన్ని యూనిఫాంకి పురుగు పట్టిందంటే కలరా ఉండలు కుమ్మరించొద్దు. వాటి ఆవిరి మనుషులకు మంచిది కాదు, ప్లాస్టిక్ గుండీలనూ మెత్తబరుస్తుంది. పతకాలు, బ్యాడ్జీలు తీసేసి, బట్టను పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి నొక్కేసి, నోరు టేపుతో మూసి, డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకూడదు. తొందరపడితే చల్లని బట్ట మీద తేమ పట్టి బూజు మొదలవుతుంది. తర్వాత మడతల్లో ఉతికిన కోరా గుడ్డను చుట్టలు చుట్టి పెట్టాలి. ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు.

ఇక మ్యూజియం వైపు. గాజు షోకేసుల కంటే ముందు కావాల్సింది గట్టి అట్ట రిజిస్టరు, ఇంకో గదిలో దాని నకలు. ప్రతి వస్తువుకూ అందులో ఒక నంబరు ఉండాలి. 2025.3.1 అంటే 2025లో మూడో దాత ఇచ్చిన మొదటి వస్తువు. వస్తువు తిరిగిచ్చేసినా ఆ నంబరు ఇంకోదానికి వేయకూడదు. బట్టకు నూలు టేపు మీద రాసి కుట్టాలి, కాగితానికి పెన్సిల్ వాడాలి. ‘శాశ్వతంగా అప్పు’ అని వస్తువు తీసుకుంటే మాత్రం తలనొప్పే. పతకం ఒకటి, వారసులు ముగ్గురు. పెద్దకొడుకు ఇచ్చిపోతాడు, రెండేళ్లకు చిన్నవాడు వచ్చి అడుగుతాడు. దానమైతే అందరి సంతకాలు ఉండాలి. అప్పైతే తేదీ వేసి ఏటా కొత్తగా రాసుకోవాలి.

జులై, ఆగస్టుల్లో మన దగ్గర తేమ 65 శాతం దాటడం మామూలే. అక్కడి నుంచే బూజు మొదలు. డిజిటల్ తేమ మీటరు కొనగానే నమ్మేయకండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు, ముద్దగా అయ్యేంత నీళ్లు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో రాత్రంతా మూసి ఉంచితే 75 చూపించాలి. 70 చూపిస్తే ఎప్పుడూ 5 కలుపుకోవాలి. తేమ పీల్చే సిలికా జెల్ గింజల లెక్క ఘన మీటరుకు 20 కిలోలు. అంటే మీటరు పొడవు, అరమీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెకు 3 కిలోలు. మందుల డబ్బాల్లోంచి ఏరిన పొట్లాలు నాలుగు పడేస్తే సరిపోదు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే 110 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. ప్లైవుడ్ పెట్టెల నుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తాయి, పౌడర్ కోటింగ్ ఉన్న స్టీలు బీరువా మేలు. లైటు షోకేసు లోపల పెట్టొద్దు. బట్టల మీద, కాగితాల మీద వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) మించొద్దు.

ట్యాంకు కావాలనేవాళ్లకు ఒక్క మాట. టీ-55 అనే పాత ట్యాంకు బరువు 36 టన్నులు. కాంక్రీటు దిమ్మె, పైమూతలకు వెల్డింగ్, అడుగున నీళ్లు పోవడానికి రంధ్రాలు, కొన్నేళ్లకోసారి రంగు, ఇవన్నీ ఎవరు చూస్తారో తేల్చాకే అడగాలి. ఇంట్లో పాత తుపాకీ ఉంటే సంచిలో వేసుకుని తేవొద్దు, ముందు పోలీసు స్టేషన్లో చెప్పండి. గూట్లో పూలు పెట్టుకున్న ఇత్తడి షెల్లు అడుగున పేలని మందు ఉండే వీలుంది. దాన్ని తోమడం, తట్టడం చేయకుండా పోలీసులకే చెప్పాలి.

పేర్లు వెతకడంలో పిల్లల సాయం కావాలి. ప్రపంచ యుద్ధాల్లో చనిపోయినవాళ్ల వివరాలు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడ రాజయ్య ‘రాజియా’ అయి ఉండొచ్చు, ఇంటిపేరు అసలే ఉండకపోవచ్చు. సర్వీసు నంబరుతోనో, తండ్రి పేరుతోనో, ఊరి పేరుతోనో చూడాలి. స్వాతంత్ర్యం తర్వాతి వాళ్ల కోసం కుటుంబమే ఆ రెజిమెంటు సర్వీసు వివరాలు దాచే రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో, ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంపులో, ఈఎంఈ (యంత్రాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధాల, సామగ్రి సరఫరా విభాగం)లవి సికింద్రాబాద్‌లో ఉన్నాయి. ఎన్‌సీసీ కేడెట్లు, కాకతీయ యూనివర్సిటీ చరిత్ర విద్యార్థులు వారానికి ఒక పూట కూర్చుంటే ఈ పని నడుస్తుంది.

నిజాం సైన్యంలో పనిచేసినవాళ్ల సంగతీ తేల్చుకోవాలి. ఢిల్లీ తీన్‌మూర్తిలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది (నిజాం గుర్రపు దళం), మొదటి ప్రపంచ యుద్ధానిది. 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌ భారత్‌లో కలిశాక ఆ కొలువు పేరు చెప్పుకోవడానికి కొన్ని కుటుంబాలు వెనకాడొచ్చు. సాయుధ పోరాటం నడిచిన నేల కాబట్టి ఎదుటివాళ్ల కోపానికీ కారణం ఉంది. మా మటుకు ఆ వస్తువులూ అదే రిజిస్టరులోకి రావాలి. పక్కన పెట్టే అట్ట మీద పేరు, యూనిట్, ఏళ్లు చాలు, తీర్పు అక్కర్లేదు.

డబ్బు దగ్గరికొస్తే, డిసెంబరు 7న పతాక దినం డబ్బాలో వేసేది సైనిక కుటుంబాల సంక్షేమానికి. మ్యూజియం ఖర్చు దాంట్లోంచి ఆశించకుండా వేరే రసీదు పుస్తకం పెట్టాలి. మొదటి ఏడాదికి నాలుగు స్టీలు బీరువాలు, మూడు తేమ మీటర్లు, పాతిక కిలోల సిలికా జెల్, ఒక స్కానరు ఇప్పించే దాతలు దొరికితే పని మొదలవుతుంది. ఇంటి ట్రంకు తెచ్చేవాళ్లు దాని మీది తెల్ల రంగు పేరు, నంబరు చెరిపి కొత్త రంగు వేయకండి. లోపల కాగితాలేమీ లేకపోతే ఇంట్లో పెద్దామెను వెంట తీసుకురండి. ఆమె చెప్పేది ఫోన్లో రికార్డు చేసి, వస్తువు నంబరే ఆ రికార్డింగుకూ వేస్తే సరి.

— పాత వస్తువుల సంరక్షణ పని తెలిసిన కొందరు పాఠకులు, హనుమకొండ